నాలుగో లేను

పరుగు పందెం చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ గీతల్ని చూడరు. పిల్లల కాళ్ళు చూస్తారు, సారు చేతిలో వాచీ చూస్తారు, తమ పిల్లే ముందుందా అని మెడలు సాచి చూస్తారు. నేను మాత్రం గీతల్నే చూస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఒక హైస్కూలు గ్రౌండులో సున్నప్పొడితో గీతలు గీయడమే నా పని. పొడి నింపిన చక్రాల డబ్బా తోసుకుంటూ పురికొస పక్కనే నడవాలి. మధ్యాహ్నానికి నా కనుబొమలు తెల్లబడతాయి. పిల్లలు నన్ను సున్నం తాత అంటారు. నాకింకా నలభై ఏడు నిండలేదు.

మా గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు కొడితే రెండొందల మీటర్లు. అది లోపలి లేను లెక్క; రెండు గీతల మధ్య ఒక్కొక్కరు పరిగెత్తే దారిని లేను అంటాం. బయటికి పోయేకొద్దీ చుట్టు పెద్దదవుతుంది కాబట్టి, బయటి లేనుల వాళ్ళని ఆ మేరకు ముందుకి జరిపి నిలబెట్టాలి. రెండో లేనుకి ఏడు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు, మూడోదానికి పద్నాలుగు డెబ్బై ఒకటి, నాలుగోదానికి ఇరవై రెండు ముప్పై ఎనిమిది. నాకంటే ముందు ఈ పని చేసిన ముసలాయన ఈ అంకెల్ని నా చేత బట్టీ పట్టించాడు. అంతే ఎందుకని అడిగితే, "ఎందుకంటే అంతే" అన్నాడు. నేనూ అంతటితో ఊరుకున్నాను.

ఆ ఎందుకో నాకు చెప్పింది మా అమ్మాయి. అప్పుడది ఏడో తరగతి. స్టోరు గది నేల మీద సుద్దముక్కతో ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రాలు గీసి, "లేను వెడల్పు మారదు కదా నాన్నా, అందుకని గ్రౌండు చిన్నదైనా పెద్దదైనా తేడా ఇంతే వస్తుంది, చూడు" అని ఐదు నిమిషాల్లో తేల్చేసింది. తండ్రన్నవాడికి అప్పుడు ఒళ్ళు పొంగాలి. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళూ నేను చేసింది ఏమిటో నాకే తెలియదని అంత సులువుగా తేలిపోయింది.

దాన్ని వాళ్ళమ్మ పిట్ట అంటుంది. వీధిలో అందరూ అదే పట్టుకున్నారు. సన్నగా, పొట్టిగా ఉంటుంది. పరిగెత్తితే మాత్రం నేల మీద కాలు ఆనినట్టు ఉండదు. ఆ కాళ్ళు ఎవరివో నాకు తెలుసు. అందుకే భయం.

నేనూ పరిగెత్తేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో మా డ్రిల్లు మేష్టారు నా భుజం మీద చెయ్యి వేసి, "చదువు ఎక్కడికీ పోదురా, వయసు పోతుంది" అన్నాడు. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ తెలుసు. పెద్ద పరీక్షలూ పెద్ద పోటీలూ ఒకే వారంలో పడ్డాయి. నేను పోటీలకి పోయాను. మూడో స్థానం వచ్చింది, ఒక అట్టముక్క ఇచ్చారు. మళ్ళీ ఏడు అదే క్లాసులో, నాకంటే చిన్నవాళ్ళ మధ్య వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ చలికాలమే మోకాలు తిరిగింది. చదువూ పోయింది, వయసూ పోయింది. మేష్టారు మాత్రం ప్రమోషన్ మీద పోయాడు.

కాబట్టి, రెండూ చెయ్యొచ్చు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పిట్ట చేస్తోంది కదా అని అందరూ అంటారు. తలుపు వెనక అతికించిన కాగితంలో దాని రోజంతా గళ్ళుగళ్ళుగా ఉంటుంది. ఐదున్నరకి గ్రౌండు, ఏడింటికి లెక్కలు, సాయంత్రం గ్రౌండు, దీపాలు పెట్టాక సైన్సు. రౌండ్లు కొడుతూ సూత్రాలు వల్లిస్తుంది. ఒకసారి లెక్కల మేడమ్ నన్ను ఆపి, "మీ అమ్మాయి లెక్కలో ఇరుక్కుంటే పుస్తకం మూసి రెండు రౌండ్లు కొట్టొస్తుందండీ, వచ్చాక చేసేస్తుంది" అంది మురిసిపోతూ. నేను నవ్వాను. లోపల మాత్రం, మురిసిపోయేవాళ్ళకి ఏం పోయింది అనుకున్నాను.

ఈ సంవత్సరం పిట్ట తొమ్మిదిలోకి వచ్చింది. మా స్కూలుకి ఒక స్పోర్ట్స్ హాస్టల్ వాళ్ళ కాగితం వచ్చింది. రెండొందల మీటర్లు ఇరవై ఎనిమిది సెకన్లలోపు పరిగెత్తిన ఆడపిల్లల్ని రెండేళ్ళు ఉంచుకుంటారు, పక్కనే స్కూలు, అక్కడే చదువు. అమ్మానాన్నల్లో ఒకరు సంతకం పెట్టాలి. పిట్ట ఆ కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

"అక్కడ చదువు చెప్పరు. చెప్పినట్టు నటిస్తారు" అన్నాను.

"నువ్వెళ్ళి చూశావా?" అంది మా ఆవిడ. ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మిషను దగ్గర పనిచేస్తుంది. ఆ మోతలో మాట్లాడి మాట్లాడి ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడుతుంది.

"నేను చూడక్కర్లేదు. నన్ను చూస్తే చాలు."

"ఎప్పుడూ నిన్నే చూడాలా? అప్పుడప్పుడు దాన్ని కూడా చూడొచ్చుగా."

"అమ్మా, ఆగు" అంది పిట్ట. "నాన్నా, లెక్కల్లో నాకు క్లాసు ఫస్టే కదా. తగ్గితే వచ్చేస్తా. నిజంగా."

"తగ్గాక వచ్చి ఏం చేస్తావు? నాతో సున్నం తోస్తావా?"

"తోస్తా. నీకంటే తిన్నగా తోస్తా."

వాళ్ళిద్దరూ నవ్వారు. నాకు వేరే దారి దొరక్క, "ఎంపిక పందెంలో ఇరవై ఎనిమిదిలోపు వచ్చిందనుకో, నేనే సంతకం పెడతాను. రాకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు" అన్నాను. పెద్దమనిషి తరహాలో అన్నానుగానీ, అందులో ఎత్తు ఉంది. మా గడ్డి గ్రౌండు మలుపులు ఇరుకు. ఇరవై రెండేళ్ళలో ఒక్క ఆడపిల్లకీ అక్కడ ఇరవై ఎనిమిదిలోపు రాలేదు.

రెండు వారాల తర్వాత ప్రాక్టీసులో పిట్టకి ఇరవై ఏడు పాయింటు ఎనిమిది సెకన్లు వచ్చింది.

ఎంపిక పందెం శుక్రవారం మధ్యాహ్నం. గురువారం సాయంత్రం పీటీ సారు చీటీలు తీసి, ఎవరికి ఏ లేనో నోటీసు బోర్డు మీద పెట్టాడు. పిట్టది నాలుగు. నేను ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాను. అటెండరు వచ్చి, "ఏంటి, నీకూ లేను వచ్చిందా?" అని ఎగతాళి కూడా చేశాడు.

ఇక్కడ నా టేపు గురించి చెప్పాలి. ఒకసారి గడ్డి కోసే యంత్రం కింద పడి దాని మొదటి మూడు మీటర్లు తెగిపోయాయి. అంటే టేపు మూడు అనే అంకె దగ్గర మొదలవుతుంది. ఏది కొలిచినా మూడు కలుపుకోవాలి. పద్నాలుగు డెబ్బై ఒకటి కావాలంటే పదిహేడు డెబ్బై ఒకటి దగ్గర మేకు కొట్టాలి. కొత్త టేపు అడిగి అడిగి విసుగొచ్చి మానేశాను. కలుపుకోవడం అలవాటైపోయింది.

శుక్రవారం పొద్దున రెండో లేనుకి కలిపాను. మూడోదానికి కలిపాను. నాలుగోదానికి కలపలేదు. ఇరవై రెండు ముప్పై ఎనిమిది దగ్గరే మేకు కొట్టి గీత గీశాను.  గీత ఎప్పటిలా తిన్నగా వచ్చింది. ఆ గీత దగ్గర బయలుదేరిన పిల్ల మిగతావాళ్ళకంటే మూడు మీటర్లు ఎక్కువ పరిగెత్తాలి. అర సెకనుకి కాస్త తక్కువ. ఎవరూ పట్టుకోలేరు. ఎందుకంటే ఆ మెట్లమెట్ల గీతలు ఎందుకలా ఉంటాయో మా స్కూల్లో సగం మంది టీచర్లకే తెలియదు.

మధ్యాహ్నం నలుగురు పిల్లలూ గీతల దగ్గరికి వచ్చారు. నేను స్టోరు గది గుమ్మంలో ఉన్నాను. పిట్ట తన గీత మీదికి వచ్చి, కాళ్ళు విదిలించుకుంటూ కిందికి చూసింది. వెనక మూడో లేను పిల్ల వైపు చూసింది. మళ్ళీ కిందికి చూసింది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. నేను బక్కెట్లో చెయ్యి పెట్టి పొడి కలుపుతున్నట్టు వంగాను. ఖాళీ బక్కెట్టు.

విజిల్ మోగింది. రెండో లేనులో మందుల షాపాయన కూతురు ముందొచ్చింది, ఇరవై ఏడు తొమ్మిది. పిట్టకి ఇరవై ఎనిమిది రెండు. సారు వాచీ చూపిస్తూ, "అయ్యో, కాస్తలో పోయిందమ్మా" అన్నాడు. ఆ మందుల షాపాయన కూతురు పిట్ట నడుం పట్టుకుని లేపబోయింది. పిట్ట మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి కొళాయి దగ్గరికొచ్చి ముఖం కడుక్కుని, నా దగ్గరికి వచ్చింది.

"రాలేదు నాన్నా."

"పోనీలేమ్మా, చదువు ఉందిగా" అన్నాను. ఆ మాట పొద్దుటి నుంచీ నోట్లో సిద్ధంగా పెట్టుకున్నదే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో ఈల వేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మా ఆవిడ రెండో షిఫ్టులో ఉంది. పిట్ట బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటోంది. నేను టీ పెట్టుకుని కూర్చున్నాక, అది రాయడం ఆపింది.

"నాన్నా, ఒకటి చెప్తే ఏమీ అనుకోవుగా?"

"ఏంటి?"

"రేపు పొద్దున్నే వెళ్ళి నాలుగో లేను గీత చెరిపెయ్. ఎవరూ రాకముందే."

గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. "ఎందుకు?"

"మూడు కలపడం మర్చిపోయావు. మిగతా రెండిటికీ కలిపావు. నాలుగోదానికే మర్చిపోయినట్టున్నావు." దాని గొంతులో తప్పు పట్టడం లేదు. వంటింట్లో గ్యాసు ఆపలేదని చెప్పినట్టు చెప్తోంది. "నిలబడగానే తెలిసింది. మూడో లేను పిల్ల నాకు మరీ దగ్గరగా ఉంది. ఏడున్నర మీటర్ల పైనే ఉండాలి, ఐదు కూడా లేదు."

"తెలిస్తే... అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

పిట్ట పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసింది.

"చెప్తే సారు నిన్ను పిలుస్తాడు. అందరి ముందూ. క్రితం సారి వాలీబాల్ కోర్టు గీత వంకర పోయిందని ఏమన్నాడో నేను విన్నా."

నేనూ మర్చిపోలేదు. తొమ్మిది కూడా పాసవని వాళ్ళకి కొలతలు అప్పజెప్తే ఇలాగే ఏడుస్తుంది అన్నాడు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, ముప్పై మంది పిల్లల ముందు. ఆ ముప్పై మందిలో పిట్ట ఉందని నాకప్పటిదాకా తెలియదు.

"అందుకని ఊరుకున్నావా?"

"పరిగెత్తి చూద్దాం, మూడు మీటర్లు ఎక్కువైనా వచ్చేస్తుందేమో అనుకున్నా. రాలేదు." నవ్వింది. కాగితం నా వైపు తిప్పింది. దాని మీద నిండా అంకెలు. "కానీ లెక్క వేశా. ఆ మూడు మీటర్లు తీసేస్తే నాది ఇరవై ఏడు ఎనిమిది. అంటే వచ్చినట్టే కదా. నాకు తెలుసు, చాలు. నువ్వేం బాధపడకు. పొద్దుటి నుంచీ ఎండలో ఉన్నావు, ఎవరికైనా అవుతుంది."

టీ చల్లారిపోయింది. బాగుంది, దొరకలేదు అని ముందు అనిపించింది. ఇది కూడా దాచను. ఆ తర్వాతే సిగ్గు మొదలైంది. అది గుండెల్లోంచి రాలేదు, ముఖంలోంచి వచ్చింది. చెవులు కాలిపోయాయి. నా పరువు కాపాడ్డానికి నా కూతురు తన పందెం వదులుకుంది. ఏ పరువు? అదే పొద్దున మేకు కొట్టిన పరువు.

మర్నాడు రెండో శనివారం, స్కూలుకి సెలవు. పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళాను. ఏదో ఒప్పుకుందామని వెళ్ళానని అనుకోవద్దు. చెరపడానికే వెళ్ళాను. చీపురు తీసుకుని సగం గీత చెరిపేశాను కూడా. అంతలో పీటీ సారు స్కూటరు గేటులోంచి వచ్చింది.

"ఏంటి పెద్దాయనా, సెలవు రోజు కూడా వదిలిపెట్టరా?"

"ఊరికే సార్, తుడుస్తున్నా."

ఆయన హెల్మెట్ తీసి స్కూటరుకి తగిలించాడు. "నిన్న మీ అమ్మాయి మొదటి నుంచే వెనకబడిపోయింది చూశారా? ప్రాక్టీసులో అంత బాగా చేసింది. నాకేమనిపిస్తుందంటే, పుస్తకాలు ఎక్కువై కాళ్ళు బరువెక్కాయి. ఇదో కాలు అదో కాలు అంటే కుదరదు. ఏదో ఒకటే. మీరూ ఆటగాడే కదా, మీకు చెప్పేదేముంది."

ముప్పై ఏళ్ళుగా నేను అనుకుంటున్న మాటే అది. నా ఇంట్లో నేను వందసార్లు అన్న మాట. ఆయన నోట్లోంచి వింటూ చీపురు కిందికి దించాను. అది అబద్ధమని ఈ స్కూలు మొత్తానికి ఇద్దరికే తెలుసు, ఒకరు ఇంట్లో సైన్సు చదువుకుంటోంది.

"కుదురుతుంది సార్" అన్నాను.

"ఏం కుదురుతుంది?"

"దానికి రెండూ కుదురుతున్నాయి. గీతే కుదర్లేదు. నాలుగో లేనుకి మూడు మీటర్లు వెనక గీశాను."

ఆయన సగం చెరిగిన గీత దాకా నడిచాడు. అక్కడి నుంచి మూడో లేను గీత దాకా అడుగులు లెక్కపెట్టాడు. తిరిగొచ్చి నా చేతిలో చీపురు చూశాడు.

"ఆ తెగిన టేపు వల్లేనా?"

తప్పించుకోవడానికి తలుపు ఆయనే తీసి పట్టుకున్నాడు. నేను వెళ్ళిపోవడమే.

"ఆ టేపే సార్" అన్నాను.

"చంపారు కదండీ" అన్నాడు, కానీ కోపం లేదు. "సరే, పేర్లు సోమవారం మధ్యాహ్నం వెళ్తాయి. ఆ పొద్దున మీ అమ్మాయిని మళ్ళీ పరిగెత్తిస్తాను. ఊరికే అంటే ఆ మందుల షాపాయన ఊరుకోడు. జరిగింది రాసి, సంజాయిషీ లెటర్ ఇవ్వండి, హెడ్ మేడమ్‌తో నేను మాట్లాడతాను."

ఆఫీసు భాష నాకు రాదు. సెలవు చీటీ అయినా, టేపు కోసం అర్జీ అయినా ఇంట్లో పిట్టే రాస్తుంది. ఆ సాయంత్రం విషయం చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నువ్వే చెప్పావా? నీ అంతట నువ్వే?"

"ఆఁ."

"అమ్మా, విన్నావా? నాన్న సారు దగ్గరికెళ్ళి చెప్పేశాడట."

మా ఆవిడ మంచం మీద బట్టలు మడత పెడుతోంది. "అంత మంచివాడెప్పుడయ్యాడు?" అంది, కానీ నా వైపు చూసిన చూపు పెళ్ళైన కొత్తలో చూసిన చూపు. ఆ చూపు ఇన్నేళ్ళకి తిరిగొచ్చింది, అదీ ఇలా.

పిట్ట తెల్లకాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. రాస్తూ పైకి చదువుతోంది. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారికి... శుక్రవారం నాటి ఎంపిక పందెంలో నాలుగో లేను ప్రారంభ గీతను కొలిచేటప్పుడు, తెగిన టేపు కారణంగా పొరపాటున... ఇక్కడ ఒక మాట కలుపుతా నాన్నా, వినూ. ఇరవై రెండు సంవత్సరాల నా సర్వీసులో ఒక్క గీత కూడా..."

"పిట్టా, ఆగు."

"బాగుంది నాన్నా, ఉండనీ. నీ గురించి ఎవరో ఒకరు రాయాలి కదా."

"పొరపాటు కాదే."

"టేపు తప్పే అయినా నువ్వు..."

"టేపు తప్పు కాదు. తెలిసే గీశాను. నీకు ఇరవై ఎనిమిది రాకూడదని గీశాను."

మా ఆవిడ చేతుల్లో దుప్పటి సగం మడతలో ఆగింది.

పిట్ట నా ముఖంలోకి చూడలేదు. కాగితం వైపే చూస్తూ అడిగింది. "ఎప్పుడు అనుకున్నావు?"

"గురువారం. నోటీసు బోర్డు చూసినప్పుడు."

"గురువారం మనం కలిసి అన్నం తిన్నాం. నా కాళ్ళు నొప్పులంటే నువ్వే నూనె రాశావు."

"ఆఁ."

"అప్పటికే అనుకున్నావా?"

"అనుకున్నా."

"నిన్న నేను చెరిపెయ్యమని చెప్పినప్పుడు కూడా ఏమీ అనలేదు."

నా మోకాలి సంగతి, ఆ డ్రిల్లు మేష్టారి సంగతి, వెనక బెంచీ సంగతి, అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఎప్పుడూ పనికొచ్చేవి. ఆ రోజు ఒక్కటీ బయటికి తియ్యడానికి ముఖం చెల్లలేదు. "నీ చదువు పోతుందేమోనని..." అన్నాను, అంతే అనగలిగాను.

"నా చదువు పోలేదు కదా నాన్నా. ఎప్పుడు పోయింది?"

"కొట్టెయ్. ఆ మాట కొట్టేసి, కావాలనే చేశానని రాయి. నేను సంతకం పెడతాను."

పదిహేనేళ్ళు నిండని పిల్ల, ముసలి ప్లీడరులా కాగితం మీద వేలు ఆనించి కూర్చుంది.

"అలా రాస్తే నిన్ను పనిలోంచి తీసేస్తారు. అప్పుడు నేను పరుగూ చదువూ రెండూ మానేసి అమ్మతోపాటు లాండ్రీకి పోవాలి. అది కూడా నువ్వే చేసినట్టవుతుంది." గొంతు పెరగలేదు. "ఇది స్కూలుకి ఇచ్చే కాగితం. పొరపాటనే ఉంటుంది."

ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టేసి, కొత్తది తీసి మొదటి నుంచీ రాసింది. ఈసారి పైకి చదవలేదు. రాయడం అయ్యాక నా ముందుకి తోసింది. అన్నీ ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ సర్వీసు వాక్యం లేదు. నేను సంతకం పెట్టాను. నా పేరు రాయడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

ఆదివారమంతా ఇంట్లో పనులు జరిగాయి. అన్నం పెట్టారు, తిన్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు. మా ఆవిడ తిడితే బాగుండునని వంటింటి చుట్టూ రెండుసార్లు తిరిగాను. "అడ్డం" అని మాత్రం అంది.

సోమవారం పొద్దున నేను టేపు తీసుకుని గ్రౌండులోకి దిగేసరికి పిట్ట అక్కడే ఉంది. పక్కన మందుల షాపాయన కూతురు.

"ఇలా ఇవ్వు, మేం కొలుస్తాం" అంది. సారు విని, "కొలవనివ్వండి పెద్దాయనా, లెక్కల్లో ఫస్టు కదా" అన్నాడు నవ్వుతూ. ఒకపక్క ఆ పిల్ల పట్టుకుంది, ఒకపక్క మా పిల్ల పట్టుకుంది. మేకు కూడా పిట్టే కొట్టింది. నేను చక్రాల డబ్బా తోసి గీత గీయబోతే, అప్పటికే పిడికిటితో పొడి తీసి అడ్డంగా చల్లేసింది. గీత కాస్త వంకరగా వచ్చింది. చోటు మాత్రం సరైనది.

ఒక్కత్తే పరిగెత్తింది. ముందు ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు. ఇరుకు మలుపులో లోపలికి వాలి, కాలు ఆనీ ఆననట్టు తిరిగొచ్చింది. నేను చూడదలుచుకోలేదు, చూశాను. ఇరవై ఏడు ఏడు.

పిల్లలు కేకలు పెట్టారు. అప్పటికి ప్రేయర్ వేళయింది, రెండు క్లాసుల పిల్లలు వరండాలో చేరారు. సారు నన్ను చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కొచ్చాడు. ఆ మనిషి మంచితనం అప్పుడే బయటపడాలా.

"చూడండర్రా. మనలో చాలామంది తప్పు చేస్తే దాచుకుంటాం. ఈ పెద్దాయన తన కొలత తప్పిందని తనంతట తానే వచ్చి చెప్పారు. అదీ సెలవు రోజున. నేను ఒకప్పుడు ఈయన్ని ఒక మాట అన్నాను, దానికి నేనే సిగ్గుపడుతున్నా. చదువంటే మార్కులే కాదు, ఇది. గట్టిగా చప్పట్లు."

చప్పట్లు కొట్టారు. వరండా అంతా. నేను తల వంచుకుంటే, దాన్ని వినయం అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. పిట్ట ముందు వరసలో ఉంది, ఇంకా ఆయాసపడుతూ. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే తనూ చేతులు కలిపింది. రెండుసార్లు కొట్టి ఆపేసింది.

అందరూ క్లాసులకి కదిలాక సారు హాస్టల్ కాగితం బయటికి తీశాడు. నేను జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాను. ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకోవచ్చని పొద్దున్నే జేబులో పెట్టుకున్న పెన్ను.

ఆయన కాగితం చివర చూసి, "అక్కర్లేదు, అయిపోయిందిగా" అన్నాడు. "మీ ఆవిడ గారు పెట్టేశారు."

అక్కడ మా ఆవిడ సంతకం ఉంది. కింద ఆదివారం తేదీ.

"అవును సార్" అన్నాను, నాకు ముందే తెలిసినట్టు.

పిట్ట సంచీ భుజాన వేసుకుంది. మొదటి పీరియడు లెక్కలు. "వెళ్తున్నా సార్" అని ఆయనతో చెప్పి, నా పక్కనుంచే వరండా మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది.